బోరు మోటారు కాపలాకు ఏసీఎస్712 మాడ్యూలు పనికొస్తుందా?

చిత్తూరు వైపు మామిడి తోటల్లో బోరు ఎప్పుడు ఎండుతుందో చెప్పలేం. నీళ్లు తగ్గితే మోటారు తీసుకునే కరెంటూ తగ్గుతుంది. ఆ తేడాను చవగ్గా పట్టే చిన్న కరెంటు సెన్సర్ బోర్డు ఏసీఎస్712. లోపలి రాగి పట్టీలో పారే కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే చిప్పు) వోల్టేజీగా మారుస్తుంది.

20 ఆంపియర్ల రకం ఆంపియరుకు 100 మిల్లీవోల్టులు ఇస్తుంది, 30ది 66 మాత్రమే. ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజుకు 20దే నయం. కరెంటు లేనప్పుడు 2.5 వోల్టులు చూపాలి. ఏసీ కాబట్టి ఒక్క రీడింగుతో లాభం లేదు. 100 మిల్లీసెకన్లు, అంటే 5 సైకిళ్లు, చదివి ఆర్‌ఎంఎస్ (పైకీ కిందికీ ఊగే కరెంటుకు సరిసమానమైన స్థిర విలువ) లెక్కగట్టాలి. స్టార్టింగులో కరెంటు ఐదారు రెట్లు ఎగబాకి సెన్సర్ గరిష్ఠానికి అతుక్కుంటుంది, అందుకే మొదటి 5 సెకన్లు ట్రిప్ (మోటారు ఆపేయడం) వద్దు. రీడింగులు చదివే ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకు నేరుగా కలిపితే పిన్ను పోవచ్చు. 10కె, 20కె (కిలో ఓముల) రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించండి.

అసలు లోపం ఆ పచ్చ స్క్రూ టెర్మినల్. 20 ఆంపియర్లని రాసి ఉన్నా, గంటల తరబడి 10 పారితేనే వేడెక్కుతుంది. వైరు కొనకు లగ్గు (లోహపు తొడుగు) కొట్టి గట్టిగా బిగించాలి. బోర్డు అడుగున టంకం చుక్కల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి, ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. కాంటాక్టరు (మోటారును ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్చి) కాయిల్ పక్కన పెడితే సెన్సర్ సున్నా రీడింగు పక్కకు జరుగుతుంది, కాస్త దూరం జరపండి.

త్రీ ఫేజు మోటారుకైతే దీన్ని వదిలేసి వైరు కోయనక్కర్లేని క్లాంప్ సీటీ (వైరు చుట్టూ తగిలించే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) కొనండి.