ఫేమస్ ఫైవ్ 21 పుస్తకాలు: ఎన్నేళ్లు చదివినా తేలని ఇంటిపేర్ల చిక్కు

ఇంగ్లీషు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన ఫేమస్ ఫైవ్ పుస్తకాలు, అంటే నలుగురు పిల్లలు, ఒక కుక్క చేసే సాహసాల కథలు, నేను హైస్కూల్లో మొదలుపెట్టాను, ఇప్పుడు మా అమ్మాయితో కలిసి మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను, మధ్యలో ఎన్నిసార్లు తిరగేశానో లెక్కపెట్టలేదు. 1942లో మొదటిది వచ్చింది, 1963లో చివరిది, మొత్తం 21. దీవి, సొరంగాలు, టిమ్మీ కుక్క, పిక్నిక్ తిండి గురించి ఇప్పటికే బోలెడంతమంది రాశారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా బుర్రలో తిరుగుతున్న విషయం వేరే ఉంది. అసలు ఈ ఇంట్లో ఎవరి ఇంటిపేరు ఏమిటి, ఎవరికి ఎవరు ఏమవుతారు?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జూలియన్, డిక్, యాన్ అన్నాచెల్లెళ్లు. జార్జ్ వాళ్ల కజిన్, అసలు పేరు జార్జినా, కానీ అబ్బాయిలా జార్జ్ అని పిలిస్తేనే పలుకుతుంది. జార్జ్ వాళ్ల నాన్న క్వెంటిన్ సైంటిస్టు, కోపిష్టి. అమ్మ ఫానీ. వీళ్లుండే ఊరు కిరిన్, ఇల్లు కిరిన్ కాటేజ్, ఎదురుగా సముద్రంలో కిరిన్ దీవి. మన ఇళ్లలో అయితే కజిన్ అనగానే వచ్చే మొదటి ప్రశ్న, నాన్న వైపా అమ్మ వైపా అని. మా అమ్మాయి కూడా మొదటి పుస్తకం సగంలోనే అడిగేసింది, ఫానీ వాళ్లకి పిన్నా, అత్తా అని. ఇంగ్లీషు పుస్తకం ఆంటీ అనేసి ముందుకు వెళ్లిపోతుంది, మనకు మాత్రం అక్కడ కాలు తగులుతుంది, ఎందుకంటే వరస తెలియకపోతే ఆ ఇంట్లో ఎవరు ఎవరి దగ్గర ఎంత చనువుగా ఉండొచ్చో కూడా మనకు అర్థం కాదు.

మొదటి అధ్యాయంలో ఒక ఆధారం ఉంది. ఎప్పుడూ వెళ్లే పోల్సీత్‌లో ఈసారి చోటు దొరకలేదు, పిల్లల్ని సెలవులకు ఎక్కడికి పంపాలా అని జూలియన్ వాళ్ల నాన్న ఆలోచిస్తూ, మొన్న టౌన్లో క్వెంటిన్ భార్య కనిపించింది, వాళ్లకు డబ్బుకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఇంట్లో ఎవరినైనా పెట్టుకుని నాలుగు రూకలు సంపాదించాలనుకుంటోంది అని చెబుతాడు. క్వెంటిన్ భార్య అన్నాడు, చూడండి. ఫానీ తన సొంత చెల్లెలో అక్కో అయితే ఎవరూ అలా అనరు. కాబట్టి బంధుత్వం క్వెంటిన్ వైపు నుంచే వచ్చిందని నా నమ్మకం. చాలామంది పాఠకులు కూడా క్వెంటిన్‌ను ఈ తండ్రికి తోడబుట్టినవాడిగానే లెక్కేస్తారు. అంటే జార్జ్ వీళ్లకు బాబాయి కూతురో పెదనాన్న కూతురో అవుతుంది, మన లెక్కలో సొంత చెల్లెలే. ఇక్కడిదాకా బాగానే ఉంది.

అసలు తంటా దీవి దగ్గర మొదలవుతుంది. జార్జ్ స్వయంగా చెబుతుంది: ఒకప్పుడు ఈ చుట్టుపక్కల నేలంతా మా అమ్మ వాళ్లది, తర్వాత చితికిపోయి అమ్ముకున్నారు, ఈ ఇల్లు, కాస్త దూరంలో ఉన్న కిరిన్ ఫార్మ్, ఈ దీవి మాత్రం మిగిలాయి అని. తుఫానుకు పైకి తేలిన పాత ఓడలో దొరికిన పెట్టె మీద హెచ్.జె.కె. అని అక్షరాలుంటాయి, అంటే హెన్రీ జాన్ కిరిన్, జార్జ్ ముత్తాతల కాలం మనిషి. అంటే కిరిన్ అనేది ఫానీ పుట్టింటి పేరు. కానీ తర్వాతి పుస్తకాల్లో క్వెంటిన్‌ను కూడా మిస్టర్ కిరిన్ అనే పిలుస్తారు. పెళ్లయ్యాక భార్య పేరు మారడం చూశాం గానీ భర్త పేరు మారడమేమిటి? దానికి తోడు, దగ్గులతో నీరసపడిన పిల్లల్ని వేల్స్ కొండల్లోకి పంపే 1958 పుస్తకంలో జూలియన్ వాళ్లమ్మ మిసెస్ బర్నార్డ్ అని వస్తుంది. తోడబుట్టిన వాళ్లలో ఒకడు బర్నార్డ్, ఇంకొకడు కిరిన్!

దీనికి నేను మూడు దారులు వెతికాను. ఒకటి, పిల్లల అమ్మకు క్వెంటిన్ అన్నో తమ్ముడో అనుకోవడం. అప్పుడు క్వెంటిన్ కిరిన్, ఆవిడ పెళ్లయి బర్నార్డ్ అయింది, పేర్లు సరిపోతాయి, క్వెంటిన్ భార్య అన్న మాట కూడా పొసుగుతుంది. అయితే క్వెంటిన్ మేనమామ అవుతాడు, జార్జ్ మేనమామ కూతురవుతుంది, అంటే జూలియన్‌కూ డిక్‌కూ మరదలి వరస. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకు కథ మొత్తం వేరే రంగులో కనబడుతుంది. కానీ ఇందులో ఫానీ పుట్టింటివాళ్లు కూడా కిరిన్లే ఎలా అయ్యారో తేలదు. రెండు, క్వెంటిన్, ఫానీ ఇద్దరూ దూరపు చుట్టాలు, ఒకే ఇంటిపేరు. ఇది కుదరకపోదు, కానీ పుస్తకంలో ఎక్కడా దాని ఊసు లేదు.

మూడోది నాకు నచ్చింది, ఇప్పుడు అదే నమ్ముతున్నాను. క్వెంటిన్ పుట్టుకతో బర్నార్డ్, పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు తీసుకున్నాడు. ఇది నేను ఊహించి చెబుతున్న వింత కాదు, ఇంగ్లండులో భూములున్న కుటుంబాలలో నిజంగా ఉన్న పద్ధతి. మగపిల్లలు లేని ఇంటి ఆస్తి అల్లుడికో దూరపు బంధువుకో వెళ్లేటప్పుడు, ఆ ఇంటిపేరు పెట్టుకోవాలని వీలునామాలో రాసేవాళ్లు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ సొంత అన్న ఎడ్వర్డ్ ఆస్టెన్ 1812లో నైట్ అయింది ఇలాగే, నైట్ కుటుంబం ఆస్తి వచ్చినందుకు. మన దగ్గర దత్తతకు వెళితే ఇంటిపేరు మారినట్టే అనుకోండి. ఇలా చూస్తే తోడబుట్టిన ఇద్దరికి రెండు పేర్లు ఎందుకో తెలుస్తుంది, దీవి అమ్మ వైపుది ఎందుకో తెలుస్తుంది, తండ్రి మాట కూడా నిలబడుతుంది.

ఇంకో సంగతి కూడా దీనితో అర్థమైంది నాకు. మొదటి పుస్తకంలో క్వెంటిన్ చేసిన పని గుర్తు చేసుకోండి. పిల్లలు ప్రాణాలకు తెగించి తెచ్చిన పెట్టెను చిరాకులో పాత సామాన్లు కొనేవాడికి అమ్మేస్తాడు, లోపలున్న, దీవిలో దాచిన బంగారం జాడ చెప్పే మ్యాప్‌తో సహా. తర్వాత అతనే వచ్చి దీవిని కూడా కొంటానంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. జార్జ్‌కు అది నీదేనమ్మా అని తల్లి ఎప్పుడో మాటిచ్చిన దీవి! చిన్నప్పుడు నాకు క్వెంటిన్ మీద కోపం వచ్చేది, అంతే. ఇప్పుడు ఆ పేజీలు చదువుతుంటే ఫానీ మీదే చూపు పోతుంది. పుట్టింటి నుంచి మిగిలిన ఆఖరి ముక్క, భర్త సంపాదన సరిపోక, అమ్మకానికి వచ్చింది. పుస్తకం ఆవిడ బాధ గురించి పెద్దగా మాట్లాడదు, జార్జ్ ఏడుపు మాత్రమే చూపిస్తుంది. బంగారం దొరికాక జార్జ్ దీవిని నలుగురికీ సమానంగా పంచుతానని పట్టుబడుతుంది. కిరిన్ కాని ముగ్గురికి కిరిన్ దీవిలో వాటా! సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

బ్లైటన్ ఇదంతా ప్లాన్ చేసి రాసిందని నేను అనను. ఆవిడ మోకాళ్ల మీద టైప్‌రైటర్ పెట్టుకుని, కళ్లు మూసుకుంటే మనసులో బొమ్మలా కదిలే కథను అలాగే దించేసేది, రాసినవి ఏడు వందల పుస్తకాల పైమాటే. మొదటి పుస్తకంలో జాలరి కుర్రాడు ఆల్ఫ్, తర్వాత జేమ్స్ అయిపోతాడు. వంటామె కాసేపు జోయానా, కాసేపు జోన్. వయసుల సంగతి సరేసరి, మొదట జూలియన్‌కు 12, డిక్, జార్జ్‌లకు 11, యాన్‌కు 10, తర్వాత వచ్చిన సెలవులన్నీ కూడితే వీళ్లు కాలేజీ దాటేయాలి. ఇవి పిల్లలు పట్టించుకోరు, నేనూ పట్టించుకోను. ఇంటిపేరు సంగతి మాత్రం వేరు, ఎందుకంటే అది నేల ఎవరిదన్న దానితో ముడిపడి ఉంది, కథకు మూలమే అది.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. 2010లో భాషను ఈ కాలానికి మార్చి కొత్తగా వేశారు, పాఠకులకు నచ్చక 2016లో ఆ మార్పులు మానేశారు. దొరికితే పాత మాటలున్నదే తీసుకోండి. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లో నాకు దొరికిన విడి కాపీలు బైండింగ్ ఊడిపోయినా అక్షరం బాగుంది. బాక్స్ సెట్ కాగితం పల్చన, పిల్లలు చదివితే చివర్లు మడత పడతాయి. తొమ్మిదీ పదేళ్ల పిల్లలకు ఇంగ్లీషు పెద్ద కష్టం అనిపించదు. యాన్‌ను ఎప్పుడూ వంటలూ సర్దుళ్లూ చేయించడం, దేశదిమ్మరుల గురించి రాసిన తీరు మాత్రం ఇప్పుడు గుచ్చుకుంటాయి, పక్కన కూర్చుని మాట్లాడుకుంటూ చదివితే మంచిది. 21 వరుసగా చదవక్కర్లేదు, మొదటిది మాత్రం తప్పకుండా ముందు చదివించండి, వంశవృక్షానికి మొదలు అందులోనే ఉంది. మా కాపీ వెనక అట్ట లోపలి వైపు మా అమ్మాయి పెన్సిల్‌తో ఆ వంశవృక్షం గీసింది, ఫానీని పైన పెట్టి, క్వెంటిన్ పక్కన బర్నార్డ్ అని రాసి కొట్టేసి కిరిన్ అని రాసింది.