మూడేళ్ల వాడకం తరువాత: రేడియేషన్ ఆంకాలజీ ట్రైనీల కొత్త క్యాన్సర్ బయాలజీ కోర్సు

రేడియేషన్ ఆంకాలజీ (రేడియేషన్‌తో క్యాన్సర్‌కు చికిత్స చేసే విభాగం) ట్రైనీల కోసం తిరగరాసిన ఈ క్యాన్సర్ బయాలజీ కోర్సును మొదటి ఏడాది నేను చదివాను, తరువాతి రెండేళ్లుగా జూనియర్ల చేత చదివిస్తున్నాను. పాత పాఠమంతా 1975లో విదర్స్ అనే రేడియేషన్ నిపుణుడు చెప్పిన నాలుగు 'ఆర్'ల (డోసుకూ డోసుకూ మధ్య కణాలు కోలుకోవడం, మళ్లీ పెరగడం లాంటి నాలుగు మార్పులు) చుట్టూ, ఆల్ఫా-బీటా నిష్పత్తి (ఒక్కో విడత డోసు పరిమాణం మారితే కణజాలం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) చుట్టూ తిరిగేది. అవి పనికిరానివని అనను. ఫ్రాక్షన్ల లెక్క, అంటే మొత్తం డోసును ఎన్ని విడతలుగా ఇవ్వాలన్న లెక్క, నేటికీ వాటి మీదే నడుస్తోంది. అయితే రేడియేషన్‌తో పాటు ఎవరికి ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్న ఓపీలో ఎదురైనప్పుడు ఆ పాఠం అక్కరకు వచ్చేది కాదు.

కొత్త కోర్సు బలమంతా కేసుతో మొదలుపెట్టడంలోనే ఉంది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల ఓరోఫారింక్స్ (గొంతు మధ్య భాగం) క్యాన్సర్ వచ్చిన రోగికి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారా, సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ఇస్తారా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకున్నాకే పాఠం ముందుకు సాగుతుంది. రేడియేషన్‌కు సెటుక్సిమాబ్ జోడిస్తే రోగుల ఆయుష్షు పెరిగిందని 2006 నాటి ట్రయల్ చెప్పింది కనుక నేను ధీమాగా సెటుక్సిమాబ్ అని రాశాను. తరువాత 2018లో వెలువడిన రెండు ట్రయల్స్ ఫలితాలు చూపించారు. రెండింటిలోనూ సిస్‌ప్లాటిన్ వర్గమే మెరుగ్గా ఉంది. 2006లో పోల్చి చూసింది రేడియేషన్ ఒక్కదానితోనే తప్ప సిస్‌ప్లాటిన్‌తో కాదన్న సంగతి నాకు అప్పుడు గాని తట్టలేదు. వైరస్ తాలూకు ఈ7 ప్రొటీన్ ఆర్‌బీని (కణ విభజనకు కళ్లెం వేసే ప్రొటీన్) పనిచేయనివ్వకపోవడం వల్లనే, రిపోర్టుల్లో హెచ్‌పీవీకి గుర్తుగా చూసే పీ16 ప్రొటీన్ పెరుగుతుందని తెలిసింది కూడా ఆ కేసులోనే. అంతవరకూ రిపోర్టుల్లో 'పీ16 పాజిటివ్' అని చదివి సంతకం పెట్టడమే తప్ప, ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

ల్యాబ్‌లో గడిపే పూట చిన్నదే అయినా విలువైనది. రేడియేషన్ తరువాత బతికిన ఒక్కో కణం నుంచి పెరిగి, క్రిస్టల్ వయొలెట్ రంగు పట్టిన కాలనీలను (కణాల గుంపులను) లెక్కపెట్టాలి. కనీసం 50 కణాలుంటేనే కాలనీ. ఒకే ప్లేటు మీద నా లెక్కకూ పక్కవారి లెక్కకూ పొంతన కుదరలేదు. ఏ డోసుకు ఎన్ని కణాలు బతికాయో ఈ లెక్కలతోనే చూపే సర్వైవల్ కర్వ్ మీది చుక్కలను ఆ రోజు నుంచి కాస్త అనుమానంగానే చూస్తున్నాను.

ఇమ్యునాలజీ భాగం మాత్రం నిరాశపరిచింది. సీగ్యాస్-స్టింగ్ (కణంలో చెదిరిన డీఎన్ఏను పసిగట్టి రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే సంకేత మార్గం) గురించి బాణాలతో నిండిన స్లైడ్లు వరుసగా వస్తాయి గానీ, వాటిని ఒక రోగికి ముడిపెట్టే కేసు ఒక్కటీ లేదు. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమోరేడియేషన్ తరువాత దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి చూసిన పసిఫిక్ ట్రయల్‌కు దక్కింది ఒకే వాక్యం. పైగా పరీక్షలో ప్రశ్నలు ఇంకా పాత పాఠం నుంచే వస్తున్నందున, జూనియర్లు ఆ స్లైడ్లను తిప్పి చూడటం కూడా మానేశారు. అందుకే ఈ ఏడాది ఆ గంటలో స్లైడ్లు పక్కన పెట్టి, పసిఫిక్ ట్రయల్‌నే ఒక కేసుగా రాసుకుని చర్చిస్తున్నాం.