క్యూజీఐఎస్, జియోడా, శాట్‌స్కాన్: ఏజెన్సీ మలేరియా లెక్కలతో కొన్నేళ్లు కుస్తీ పట్టాక

ముందే చెప్పేస్తాను, క్యూజీఐఎస్ మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్, జియోడా ఊళ్ల వారీ రేట్లని సరిచేసి చూపేది, శాట్‌స్కాన్ కేసులు గుంపుగా ఉన్న చోట్లు వెతికేది, ఈ మూడూ ఉచితంగా దొరికేవే, మూడూ పక్కపక్కన ఉంటేనే పనికొస్తాయి, ఏదో ఒక్కదాంతో రంగుల మ్యాప్ చేసి మీటింగులో పెట్టారంటే మాత్రం తప్పు ఊరికి టీమును పంపించే ప్రమాదం ఉంది. నేను పాడేరు వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో డేటా పని చూస్తాను. వానలకు ముందు దోమల మందు కొట్టే టీములు ఏ ఊళ్లకి ముందు వెళ్లాలి, దోమతెరలు ఎక్కడ తక్కువ పడ్డాయి, జ్వరాల క్యాంపు ఎక్కడ పెడితే జనం రాగలరు, ఇలాంటివి తేల్చుకోవడానికి పీహెచ్‌సీ వాళ్లకు మ్యాపులూ పట్టికలూ చేసిస్తుంటాం.

క్యూజీఐఎస్ ఈ పనికి రోజూ తెరిచేది. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, ఇప్పుడు లైసెన్సు కొని వాడేవాటికి దేనికీ తీసిపోదు. పాత లాప్‌టాప్ మీద కాస్త మూలుగుతుంది గానీ నడుస్తుంది. ఎక్కువ కాలం మార్పుల్లేకుండా నిలకడగా ఉండే లాంగ్ టర్మ్ రిలీజ్ వెర్షనే పెట్టుకోండి, కొత్తది వచ్చిందని ప్రతిసారీ ఎగబడొద్దు, మీటింగు ముందురోజు ప్లగిన్ మొరాయిస్తే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. మ్యాపు డేటాని షేప్‌ఫైలు అనే పాత ఫార్మాట్ బదులు జియోప్యాకేజీ అనే కొత్త ఫార్మాట్‌లో దాచుకోండి. షేప్‌ఫైల్లో కాలమ్ పేరు పది అక్షరాలకు కత్తిరించేస్తుంది, ఆర్నెల్ల తర్వాత తెరిస్తే ఏ కాలమ్ ఏదో మీకే తెలియదు.

కానీ టైమంతా తినేది మ్యాప్ గీయడం కాదు, ఊళ్ల పేర్లు కలపడం. కేసుల పట్టికలో ఊరి పేరు ఇంగ్లిషులో ఉంటుంది, ఒకరు టీ పక్కన హెచ్ పెడతారు, ఇంకొకరు పెట్టరు, పైగా కొత్తూరు, కొత్తవీధి లాంటి పేర్లు ఎన్ని ఊళ్లకి ఉన్నాయో లెక్కే లేదు. అందుకని కేసుల పట్టికని మ్యాప్‌తో ఊరి పేరు చూసి జాయిన్ చేయడం పూర్తిగా మానేసి, ప్రభుత్వం ప్రతి ఊరికీ ఇచ్చిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్లతోనే చేస్తున్నాం. దాంతో సగం గొడవ తీరింది. మిగతా సగం సరిహద్దులది. అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, చేతికి దొరికే ఊరి స్థాయి మ్యాపులేమో ఎక్కువగా 2011 జనగణనవి. ఆ మ్యాపుల్లో పాడేరు విశాఖపట్నం జిల్లాలో ఉంటుంది, రంపచోడవరం తూర్పు గోదావరిలో, చింతూరు, కూనవరం ఖమ్మంలో. మూడు జిల్లాల ముక్కలు తెచ్చి అతికితే 2022లో పుట్టిన ఆ జిల్లా అయింది. అయినా అవి రెవెన్యూ గ్రామాల హద్దులే, ఆ గ్రామాల్లో భాగంగా కొండల మీద విడివిడిగా ఉండే గూడేలు కనపడవు. గూడేలకు మాత్రం అక్కడికి వెళ్లి, ఫోన్లో నడిచే క్యూఫీల్డ్ యాప్‌లో పాయింట్లు తీసుకోవాల్సిందే. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, ఆ ఒక్క గుణానికే దానికి ఐదు చుక్కలు.

ఇక జియోడా ఎందుకంటే, మలేరియాని ఏపీఐతో కొలుస్తారు, అంటే ఏడాదిలో వెయ్యి జనాభాకి ఎన్ని పాజిటివ్‌లు అని. ఎనభై మంది ఉన్న గూడెంలో ఇద్దరికి వస్తే అది 25 అయి కూర్చుంటుంది. పదిహేను వందల మంది ఉన్న ఊళ్లో పదిహేను మందికి వచ్చినా 10 మాత్రమే. క్యూజీఐఎస్‌లో రంగులేస్తే గూడెం ఎర్రగా భగ్గుమంటుంది, పెద్ద ఊరు చల్లగా పసుపు రంగులో ఉంటుంది, చూసినవాళ్లు జీపు గూడేనికే పంపుతారు. జియోడాలో ఎంపిరికల్ బేయ్స్ స్మూతింగ్ అని ఉంది, జనాభా తక్కువున్న చోట రేటుని మొత్తం సగటు వైపు లాగుతుంది, పెద్ద ఊళ్లని పెద్దగా కదపదు. నాలుగు క్లిక్కుల పని. అది చేసి రెండు మ్యాపులూ పక్కపక్కన పెడితే డాక్టర్లకి వివరించాల్సిన పనే ఉండదు.

దీనికీ లొంగని చిక్కు ఒకటుంది. రక్త పరీక్షలే చేయని ఊళ్లో కేసులు సున్నా. మ్యాప్‌లో ఆ ఊరు తెల్లగా, ముచ్చటగా కనిపిస్తుంది. ఏటా జనాభాలో కనీసం పది శాతం మందికి రక్త పరీక్ష జరగాలన్నది మలేరియా విభాగం లెక్క, కాబట్టి ఆ శాతం ఎక్కడెంతో రెండో లేయర్‌గా వేయకుండా మేం ఏ మ్యాపూ బయటికి పంపం. తెల్లటి ఊళ్లలో చాలా వాటికి ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉండటమో, వాగు దాటాల్సి రావడమో కారణం, దోమలు లేకపోవడం కాదు.

శాట్‌స్కాన్ మీద నాకు సగం ప్రేమే. కేసులు, జనాభా, అక్షాంశ రేఖాంశాలు మూడు ఫైళ్లు ఇస్తే, ఎక్కడ అనుకున్నదానికంటే ఎక్కువ కేసులు గుంపుగా ఉన్నాయో, అది యాదృచ్ఛికంగా జరిగి ఉండొచ్చా లేదా అని లెక్కగట్టి చెబుతుంది. డిఫాల్ట్‌గా జనాభాలో సగం దాకా ఒకే క్లస్టర్‌లో, అంటే ఒకే గుంపులో కలిపేసుకుంటుంది, అలా వదిలేస్తే నాలుగైదు మండలాలకి ఒకే గుండ్రటి వలయం గీసి ఇస్తుంది, దాంతో స్ప్రేయింగ్ వాళ్లేం చేసుకుంటారు? ఆ పరిమితిని బాగా తగ్గించండి. ఇంకోటి, వలయం కొండ ఈ పక్క లోయనీ ఆ పక్క లోయనీ కలిపేస్తుంది, మధ్యలో దారే లేదని దానికేం తెలుసు. క్యూజీఐఎస్‌లో పీహెచ్‌సీ చుట్టూ ఐదు కిలోమీటర్ల బఫర్, అంటే అంత దూరం దాకా వలయం, గీసినా ఇదే గోల. డెల్టాలో ఐదు కిలోమీటర్లంటే బైక్ మీద పది నిమిషాలు, ఇక్కడ డోలీ మోసుకుని సగం పూట. ఆశా కార్యకర్తల్ని అడిగి నడక సమయాన్ని ఒక కాలమ్‌గా రాసుకోవడం కంటే మంచి సాధనం ఈ విషయంలో నాకు దొరకలేదు. అన్నట్టు బఫర్ గీసే ముందు లేయర్‌ని దూరాలు మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చండి, లేకపోతే అది మీటర్లు కాదు డిగ్రీలు అడుగుతుంది, ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు.

ఇళ్ల పాయింట్లున్న మ్యాపుని వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఎవరడిగినా ఇవ్వకండి, ఇళ్ల లెక్కలన్నీ ఊరి స్థాయికి కూడి మాత్రమే ఇవ్వండి. ఎవరింట్లో జ్వరమో ఊరంతటికీ తెలియాల్సిన పని లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు క్యూజీఐఎస్, జియోడా రెండిటితో ఒక సీజన్ నడపండి, ఏడాది డేటా శుభ్రంగా చేతికొచ్చాక శాట్‌స్కాన్ జోలికి వెళ్లండి. మ్యాపులు ఏ3 కాగితం మీద ఊళ్ల పేర్లు తెలుగులో వేసి ప్రింట్ తీయించండి, మలేరియా సబ్ యూనిట్ ఆఫీసుల్లో గోడకి అంటించుకునేది, పెన్నుతో దిద్దేది దాన్నే. ఆ దిద్దుబాట్లను ఫొటో తీసుకుని తెచ్చుకుంటే తర్వాతి నెల మ్యాప్ బాగుపడుతుంది.