రంగు నత్తల పెంపకానికి ఏది మేలు: రామ్స్‌హార్నా, మిస్టరీ నత్తా?

కడపలాంటి ఊళ్లో రంగు నత్తలు పెంచి, ఏ జతకు ఏ రంగు పిల్లలు ఎందుకు పుడతాయో తెలుసుకోవాలంటే ఎర్ర రామ్స్‌హార్న్ అనే నీటి నత్తను తెచ్చుకోండి. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అక్వేరియం షాపులో ఎవరి కన్నైనా మిస్టరీ నత్త మీదే పడుతుంది. బంగారు రంగు, నీలం, దంతపు తెలుపు, పైగా నిమ్మకాయంత సైజు. అందంలో రామ్స్‌హార్న్ దానికి పోటీ కాదు. కానీ రంగుల లెక్క తేల్చాలంటే మాత్రం మిస్టరీ నత్త బాగా తిప్పలు పెడుతుంది.

మామూలు రామ్స్‌హార్న్ గోధుమ రంగులో ఉంటుంది. ఎర్రదాని దేహంలో ఉండాల్సిన నల్ల రంగు ఉండదు. ఈ కుటుంబం నత్తల రక్తంలో మన రక్తంలోలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి, అడ్డుగా నలుపు లేనప్పుడు పలచటి గుల్లలోంచి ఆ ఎరుపే పైకి కనిపిస్తుంది. పదో తరగతిలో మెండెల్ బఠానీల పాఠం గుర్తున్నవాళ్లకు మిగతాది సులువు. గోధుమ రంగు బహిర్గతం, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ జన్యువు వచ్చినా చాలు, పైకి కనిపిస్తుంది. ఎరుపు అంతర్గతం, ఇద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తుంది. ఎరుపు జన్యువు లేని గోధుమ నత్తకూ ఎర్రదానికీ పుట్టిన పిల్లలన్నీ గోధుమ రంగులోనే ఉంటాయి. వాటి పిల్లల దగ్గరికొచ్చేసరికి మూడు గోధుమ రంగువి ఉంటే ఒకటి ఎర్రది.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రతి రామ్స్‌హార్న్‌లోనూ ఆడా మగా రెండూ ఉంటాయి. తోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు. మరి జత కుదిరిందని ఎలా తెలుస్తుంది? దానికీ ఎరుపే ఆధారం. పిల్లగా ఉన్నప్పటి నుంచీ విడిగా పెంచిన ఎర్రదాన్ని గోధుమ దానితో కొన్నాళ్లు ఉంచి, మళ్లీ వేరే సీసాలోకి మార్చండి. అది అక్కడ పెట్టిన గుడ్లే చూడండి. గోధుమ పిల్లలు వస్తే జత కుదిరినట్టే. అన్నీ ఎర్రగానే వస్తే అది తనంతట తాను పెట్టిన గుడ్లే అనుకోవచ్చు. ఆ తర్వాత గోధుమ పిల్లల్లో ఒకదాన్ని చిన్నప్పుడే వేరు చేసి ఒంటరిగా పెంచితే, కాస్త ఆలస్యమైనా అదే గుడ్లు పెడుతుంది. ఆ ఒక్క నత్త సంతానంలోనే మూడుకు ఒకటి లెక్క కళ్లముందుకు వస్తుంది. ఈ సౌకర్యం మిస్టరీ నత్తతో లేదు.

గుడ్లు గాజుకు అంటుకుని జిగురు బిళ్లలా ఉంటాయి. భూతద్దంతో చూస్తే ఒక్కో గుడ్డులో పిల్ల మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. బయటికొచ్చాక తెల్ల ప్లేటులో నీళ్లు పోసి చూడండి: కొన్ని లేత గులాబీగా, కొన్ని మసక నలుపుగా ఉంటాయి. పది పన్నెండు పిల్లల్నే లెక్కపెట్టి లెక్క తప్పిందనుకోవద్దు. ఎన్ని ఎక్కువ చూస్తే అంత దగ్గరగా వస్తుంది.

మిస్టరీ నత్తలో ఆడవి వేరు, మగవి వేరు. ఆడది ఒకసారి జతకట్టిందంటే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. షాపు తొట్టిలో ఎన్నో మగవాటితో కలిసి ఉన్న ఆడదాన్ని తెచ్చి మీ నీలం మగదాని పక్కన పెడితే, పుట్టిన పిల్లలు ఎవరివో చెప్పడం కష్టం. పిల్ల నుంచి విడిగా పెంచిన ఆడదైతేనే లెక్కకు పనికొస్తుంది.

కానీ దీని రంగుల అల్లిక చాలా గొప్పది. చారల సంగతి పక్కన పెడితే, గుల్లలో పసుపు ఉందా లేదా అన్నది ఒకటి, దేహం నలుపా తెలుపా అన్నది ఇంకొకటి. పసుపు ఉండి దేహం తెల్లనైతే బంగారు రంగు. పసుపు లేక దేహం నల్లనైతే నీలం. రెండూ లేకపోతే దంతపు తెలుపు. రెండూ ఉంటే ఆకుపచ్చ ఛాయ. పసుపు, నలుపు రెండూ బహిర్గతాలే. అందుకే లోపల అంతర్గత జన్యువులు మోస్తున్న బంగారు రంగుదాన్నీ నీలందాన్నీ కలిపితే ఒకే గుడ్ల గుత్తిలోంచి నాలుగు రంగులూ రావచ్చు. తెల్లదానికి తెల్లదే జత అయితే అన్నీ తెల్లవే. జన్యువుల మీద పట్టు దొరికాక ఇది పెంచితే ఆ ఆనందమే వేరు.

ఇక మన ఎండల సంగతి. మిస్టరీ నత్త గుడ్లను నీళ్లపైన, తొట్టి గోడకో మూతకో లేత గులాబీ రంగు గుత్తిగా పెడుతుంది. ఏప్రిల్, మే పొడి గాలికి ఆ గుత్తి ఎండిపోతుంది, నీళ్లలో పడితే కుళ్లిపోతుంది. నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటితే పెద్దవాటికీ కష్టమే. రామ్స్‌హార్న్ గుడ్లు నీళ్లలోనే ఉంటాయి కాబట్టి ఆ టెన్షన్ లేదు. దేనికైనా తొట్టిని నేలకు దగ్గరగా, ఎండ తగలని గోడవైపు పెట్టడం మంచిది.

మన బోరు నీళ్లు మాత్రం రెండింటికీ వరమే. ఎర్రగుంట్ల చుట్టూ ఉన్నదంతా సున్నపురాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఆ సున్నమే గుల్లను గట్టిగా ఉంచుతుంది. ఆర్వో నీళ్లు మాత్రమే పోస్తే గుల్ల పెచ్చులూడి, అసలు రంగేదో కూడా తెలియకుండా పోతుంది. చేపల మందుల్లో మైలుతుత్తం ఉంటే నత్తలు చచ్చిపోతాయి, సీసా మీద చదివి కొనండి.

నెరైట్ నత్తల చారలు ఎంత బాగున్నా వాటి పిల్లలు బతకడానికి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, కాబట్టి మంచినీళ్ల తొట్టిలో తరాలు చూడలేం. 1847లో కలకత్తాకు తెచ్చిన ఆఫ్రికా రాక్షస నత్త ఈనాటికీ పంటల్ని తింటోంది, దాని జోలికే వెళ్లకండి. కాలువలో దొరికే రామ్స్‌హార్న్ లాంటి నాటు నత్తలు పశువుల రక్తంలో చేరే పురుగుల్ని మోస్తాయి, వాటినీ ఇంటికి తేవద్దు.

పిల్లలు ఎక్కువైతే కేసీ కెనాల్లోనో చెరువులోనో వదలొద్దు. అక్కర్లేని గుడ్లను రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టి చెత్తలో వేయండి, మిగిలిన పిల్లల్ని తొట్టి పెంచే ఇంకొకరికి ఇవ్వండి.