బరువు తగ్గే ఆపరేషన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, బరువు తగ్గడానికి పొట్ట కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుందాం అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ఆగండి. మాది తెనాలి, నాకు 41 ఏళ్ళు, హైదరాబాద్‌లో బాగా పేరున్న చోటే చేయించుకున్నా. పేరు రాయను, మా ఆయన వద్దన్నారు, కేసులూ గీసులూ మనవల్ల కాదు.

ఆపరేషన్ దండగ అని మాత్రం అనట్లేదండి. 98 కిలోలు ఉండేదాన్ని పది నెలల్లో 71కి వచ్చా, డాక్టర్ గారే షుగర్ మాత్ర ఆపించారు, రైలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కుతున్నా. నా గొడవంతా వాళ్ళు అమ్మిన తీరు మీద.

మొదటిరోజు డాక్టర్ గారు చూసింది ఐదు నిమిషాలు, ఆ తర్వాత కౌన్సెలర్ అమ్మాయి గంటన్నర కూర్చోబెట్టింది. ప్యాకేజీ 3 లక్షల 20 వేలు మేడమ్, నెలాఖరు దాకే ఈ రేటు, ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ అయిపోద్ది, కాకపోతే ఈఎంఐ ఉంది అని. పొట్ట కోయడానికి కూడా ఆషాఢం ఆఫర్ ఏంటి అని అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

క్యాష్‌లెస్ రిజెక్ట్ అయింది. మన పాలసీల్లో మామూలుగా బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువుందో చెప్పే లెక్క) 40 ఉండాలి, లేదా 35 ఉండి దాంతోపాటు ఊబకాయం వల్ల వచ్చిన గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య తీవ్రంగానో, ఎన్ని మందులు వాడినా అదుపులోకి రాని షుగరో ఉండాలి. నేను 5 అడుగుల 2 అంగుళాలు, నా బీఎంఐ 39.5, షుగర్ మాత్రతో కంట్రోల్‌లోనే ఉంది, మోకాళ్ళ నొప్పులూ థైరాయిడూ ఆ లిస్టులోనే లేవు. రోజూ ఇదే పని చేసే అమ్మాయికి ఈ ముక్క తెలియదంటే నేను నమ్మను. పాలసీ కాగితాలు మీరే తీసి చదువుకోండి, వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్ళు ఆగితే డబ్బులిస్తారో, అది కూడా చూసుకోండి.

బిల్లేమో 4 లక్షల 60 వేలు అయింది. పొట్టని కోస్తూనే పిన్నులు కొట్టే స్టాప్లర్ ఉంటుంది, అందులో వేసే కాట్రిడ్జ్‌లు ఒక్కోటి విడిగా లెక్కేశారు. ఎన్ని కాట్రిడ్జ్‌లు ప్యాకేజీలో ఉన్నాయో, ఎక్కువైతే ఒక్కోటి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

డబ్బు పోతే పోయింది, అసలు బాధ ఇది. నాకు పదేళ్ళ నుంచి గుండెల్లో మంట, గ్యాస్ మాత్ర లేకుండా పొద్దు గడవదు. ఆ అమ్మాయికి చెప్తే బరువు తగ్గితే అదే పోద్ది మేడమ్ అంది. ముందు ఎండోస్కోపీ కూడా చేయలేదు. స్లీవ్ అంటే పొట్టలో ముప్పావు భాగం పైనే కోసి తీసేస్తారు, అరటిపండంత సన్నటి గొట్టం మిగులుతుంది, తీసేసింది మళ్ళీ రాదు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తన్నడం చాలామందికి ఉంటుందట, మంట ఎక్కువున్నవాళ్ళకి బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) గురించి ఆలోచిస్తారట. ఇవన్నీ నాకు తర్వాత గుంటూరు డాక్టర్ గారు చెప్పారు. ఇప్పుడు రాత్రిళ్ళు మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నా, ఇలాగే ఉంటే దీన్ని బైపాస్‌గా మార్చాల్సి రావచ్చన్నారు, అంటే ఇంకో ఆపరేషన్.

ఇంకోటి, ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఐదో వారంలో వాంతులు పట్టుకున్నాయి, ఎనిమిది రోజులు, మంచినీళ్ళు కూడా ఆగలేదు. (మా చిన్నాన్న గారింట్లో పెళ్ళికెళ్ళి ఆవకాయ ముద్ద తిన్న మాట నిజమే, ఆ తప్పు నాదే, అప్పటికి ఇంకా మెత్తగా మెదిపిన తిండే తినాలి.) వాళ్ళిచ్చిన 24 గంటల నంబర్‌కి చేస్తే డైటీషియన్ కాల్ బ్యాక్ చేస్తారు మేడమ్ అనడమే, ఎవరూ చేయలేదు. ఇక్కడ వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. మర్నాటికి నడిస్తే తూలిపోతున్నా, ఒక మనిషి ఇద్దరు కనపడుతున్నారు. మా ఆయన కారేసుకుని గుంటూరు తీసుకెళ్తే ఆ డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, గ్లూకోజ్‌కి ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ వేశారా అని. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదట, వాంతులవుతున్నప్పుడు అది లేకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బట. ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆపరేషనైన ఎవరికైనా వాంతులు ఆగకపోతే వెళ్ళిన చోటల్లా నాకు స్లీవ్ అయింది, బి1 వేయండి అని మీరే నోరు తెరిచి చెప్పండి. మొదటి వారాల్లో జ్వరం, గుండె దడ, కడుపునొప్పి వస్తే కుట్ల దగ్గర లీక్ అయ్యుండొచ్చు, ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తండి.

నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి గుత్తులు గుత్తులు వచ్చింది, అది మామూలేనట, మళ్ళీ వస్తుందట, ఒక్క మాట ముందే చెప్తే నేను అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు కదా. రోజుకి 60 గ్రాములు తక్కువ కాకుండా ప్రోటీన్, మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం, అన్నంతోపాటు నీళ్ళు తాగకూడదు. ఈ మందులకీ రక్త పరీక్షలకీ ఏడాదికెంతవుద్దో ఏ ప్యాకేజీలోనూ ఉండదు, అడిగి లెక్కేసుకోండి.

పోయిన మంగళవారం ఆ కౌన్సెలర్ అమ్మాయే ఫోన్ చేసింది. నా బాగోగులు కనుక్కోడానికేమో అనుకున్నా, మీ ఆడపడుచు గారు అప్పుడు అడిగారు కదా మేడమ్, మీ రిఫరెన్స్ మీద 10 శాతం తగ్గిస్తాం అంది. రిజెక్ట్ లెటరూ బిల్లూ నా దగ్గరే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే పేర్లు కొట్టేసి ఫోటో పెడతా.