సిటీస్: స్కైలైన్స్ 2 - సిల్క్‌బోర్డు కట్టొచ్చు, ఎందుకు ఆగిందో మాత్రం అడగొద్దు

సిల్క్‌బోర్డు జంక్షన్ ఎందుకు జామ్ అవుతుందో బెంగళూరులో ఏ క్యాబ్ డ్రైవర్‌ని అడిగినా చెప్తాడు. ఎలక్ట్రానిక్ సిటీకి పోయేవాళ్లు, మారతహళ్లి వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చేవాళ్లు, బీటీఎం లేఔట్‌లోంచి దూరేవాళ్లు, అందరూ ఒకే చోట లేన్లు మారాలి. జామ్ తీరకపోవచ్చు గానీ కారణం మాత్రం తెలుసు. 2015 మార్చిలో వచ్చిన, నగరం కట్టి నడిపే కంప్యూటర్ ఆట, మొదటి సిటీస్: స్కైలైన్స్‌లో మజా అంతా అక్కడే ఉండేది. నగరం ఎక్కడ చెడిందో వెతికితే దొరికేది, దొరికితే బాగుచేయొచ్చు. 2023 అక్టోబర్ 24న వచ్చిన రెండో భాగంలో నగరం ఇంకా పెద్దది, ఇంకా అందమైనది. చెడినప్పుడు మాత్రం ఎందుకు చెడిందో చెప్పదు. ఫ్రేమ్‌ల గురించి, అంటే తెర మీద బొమ్మ ఆగి ఆగి కదలడం గురించి, అందరూ తిట్టారు, తిట్టాల్సిందే. అసలు బాధ మాత్రం ఇది.

మొదటి భాగంలో ట్రాఫిక్ తెలివైనదేమీ కాదు. బండి బయల్దేరేటప్పుడే దారి మొత్తం లెక్కేసుకుంటుంది. ఆ లెక్క రోడ్ల పొడవు, వేగ పరిమితి మీద ఆధారపడుతుంది. ముందు జామ్ ఉందని తెలిసి దారి మార్చుకోదు. అందుకే ఆరు లేన్ల రోడ్డేసినా ఒక్క లేన్‌లోనే కిలోమీటరు క్యూ కనిపిస్తుంది. మూడు జంక్షన్ల తర్వాత ఎడమకు తిరగాల్సిన లారీ ఇప్పటినుంచే ఎడమ లేన్ పట్టుకుని కూర్చుంటుంది. ఇది లోపమే, కానీ నియమం తెలిసిన లోపం. మందు కూడా తెలుసు. మూడు లేన్ల హైవే నుంచి ఒక లేన్ ర్యాంప్ విడిపోతే ఆ తర్వాత హైవేని రెండు లేన్లకు తగ్గించాలి, ఇంకో ర్యాంప్ వచ్చి కలిసే చోట మళ్లీ మూడు చేయాలి. కలిసే ర్యాంప్‌కీ తర్వాత విడిపోయే ర్యాంప్‌కీ మధ్య కనీసం 200 మీటర్లు వదలాలి. ఆటలో ఒక గడి 8 మీటర్లు కాబట్టి 25 గడులు. ఇంత చేస్తే ఏ మోడ్ (ఆటగాళ్లు తయారుచేసి ఆటకు తగిలించే మార్పు) లేకుండానే సగం జామ్‌లు విడిపోతాయి.

2017లో ఉచిత ప్యాచ్‌తో రూట్స్ వ్యూ వచ్చాక పని ఇంకా సులువైంది. రోడ్డు ముక్క మీద నొక్కితే ఆ ముక్క మీదుగా ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నారో రంగు గీతలుగా కనిపించేది. సగం గీతలు ఒక ఫ్యాక్టరీల పేట నుంచి కార్గో స్టేషన్‌కి పోతుంటే ఆ రెండింటికీ నేరుగా రోడ్డేస్తే సరి. చెత్త బండ్లు రావట్లేదా? మొత్తం బండ్ల సంఖ్య 16,384 పరిమితిని తాకిందేమో చూడాలి. ఊరంతా ఒకేసారి శవాల గుర్తులా? ఒకే వారంలో వేసిన వెయ్యి ఇళ్లలోకి ఒకే వయసువాళ్లు దిగారు, అందరికీ ఒకేసారి కాలం తీరింది. పేటల్ని విడతలుగా జోన్ చేస్తే, అంటే ఇళ్లకు స్థలం కొంచెం కొంచెంగా కేటాయిస్తే, ఆ బాధ ఉండదు. ప్రతి రోగానికీ ఒక పేరుంది, ఒక మందుంది.

రెండో భాగం ఈ పరిమితుల్ని తీసేసింది. జనానికి, బండ్లకి గట్టి హద్దు లేదు. ప్రతి మనిషీ సమయం, డబ్బు, సౌకర్యం, తన తీరు బట్టి దారి ఎంచుకుంటాడు. పార్కింగ్ వెతుక్కుంటాడు, యాక్సిడెంట్ అయితే దారి మారుస్తాడు. కాగితం మీద ఇది గొప్ప ముందడుగు. మనిషి మీద నొక్కితే పేరు, చదువు, ఉద్యోగం, కుటుంబం అన్నీ చెప్తుంది. కానీ విడుదల నాటి ఆటలో రూట్స్ వ్యూ లేదు. అంటే ఫ్లైఓవర్ కింద 200 కార్లు ఆగితే ఆ 200 మంది పేర్లూ చదవొచ్చు, వాళ్లంతా ఎటు పోతున్నారో మాత్రం ఒక్క చూపులో తెలియదు. లోపల లెక్క ఎంత క్లిష్టమైతే బయట పరికరం అంత పదునుగా ఉండాలి. ఇక్కడ ఉన్న పరికరాన్నే వదిలేసి వచ్చారు.

డబ్బు సంగతీ ఇంతే. ఊరు పెరిగేకొద్దీ దాటే మైలురాళ్లు 20, ఒక్కోటి దాటగానే ఖజానాలో పెద్ద మొత్తం పడుతుంది. పైగా మొదట్లో ప్రభుత్వ సబ్సిడీ నష్టాన్ని తనంతట తానే పూడ్చేది. కావాలని చెడగొట్టినా ఊరు దివాలా తీయదు. ఇక పన్ను పెంచితే ఏం, తగ్గిస్తే ఏం? ఫలితం కనబడని మీటను ఎవరు తిప్పుతారు! 2024 జూన్‌లో వచ్చిన ఎకానమీ 2.0 ప్యాచ్ సబ్సిడీని పీకేసింది, కొన్న ప్రతి స్థలానికీ నిర్వహణ ఖర్చు పెట్టింది, అద్దె లెక్క మార్చింది. అక్కడినుంచే ఇది ఆటలా అనిపిస్తుంది. ఎనిమిది నెలలు పట్టింది.

ప్యాచ్ తర్వాత ఆడేవాళ్లకు ఒక్క మాట: ఎక్కువ అద్దె అనే గుర్తు ఇళ్ల మీద కనబడగానే పన్ను తగ్గించడం మొదటి పని కాదు. విడి ఇంట్లో స్థలం విలువ భారమంతా ఒక్క కుటుంబమే మోస్తుంది. బడి, పార్కు, మెట్రో పక్కన విడి ఇళ్లు వేస్తే అక్కడ స్థలం విలువ పెరుగుతుంది, ఆ కుటుంబం తట్టుకోలేదు. ఇందిరానగర్ మెట్రో పక్కన విడి ఇల్లు అద్దెకు వెతికినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి చోట వరుస ఇళ్లు గానీ, కింద దుకాణాలు పైన ఇళ్లు ఉండే మిశ్రమ జోన్ గానీ వేయాలి. ఈ జోన్ల రకాలు మాత్రం రెండో భాగంలో నిజంగా బాగున్నాయి.

రోడ్డు పరికరాలూ అంతే. సమాంతర రోడ్లు, గ్రిడ్, జంక్షన్ మీద నేరుగా పెట్టే రౌండబౌట్, రోడ్డుతోపాటే వెళ్లే కరెంటు లైన్లు, నీటి పైపులు... మొదటి భాగంలో నాలుగు మోడ్‌లు పెడితే గానీ కుదరనివి ఇందులో మొదటిరోజే ఉన్నాయి. కొత్త ఊరు మొదలుపెట్టేటప్పుడు ఎడమవైపు ట్రాఫిక్ ఎంచుకోవడం మరచిపోకండి. మరచిపోతే కట్టిన హెబ్బాళ లాంటి ఫ్లైఓవర్ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

ఇప్పుడు ఫ్రేమ్‌ల గోల. కంపెనీ చెప్పిన కనీస గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ జీటీఎక్స్ 970, సిఫారసు చేసింది 10 జీబీ ఆర్టీఎక్స్ 3080. విడుదలకు ముందే అనుకున్న వేగం అందుకోలేకపోయామని స్టూడియో ఒప్పుకుంది. కారణం తవ్వితే నవ్వొస్తుంది. జనం బొమ్మల నోట్లో పళ్లు కూడా విడివిడిగా చెక్కి ఉన్నాయి, దూరంగా చూసినప్పుడు వాడాల్సిన తేలిక బొమ్మలు వాటికి లేవు. ఆకాశంలోంచి చూసే ఊరిలో ఎవరి పళ్లు ఎవరు లెక్కపెడతారు? పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదే. ప్యాచ్‌లతో ఇది చాలావరకు తగ్గింది.

మారతహళ్లి పీజీల్లో ఎక్కువగా కనబడే 4 జీబీ కార్డు ల్యాప్‌టాప్‌లో ఆడాలంటే గ్రాఫిక్స్ సెట్టింగ్‌లను ఈ వరసలో తగ్గించుకోండి. ముందు డెప్త్ ఆఫ్ ఫీల్డ్, మోషన్ బ్లర్ పూర్తిగా ఆపేయండి, వాటివల్ల పోయేదేమీ లేదు. తర్వాత వాల్యూమెట్రిక్స్ ఆపండి. గ్లోబల్ ఇల్యూమినేషన్ కిందికి దించండి. రిజల్యూషన్ 1080పీ దాటొద్దు. అప్పటికీ కుదరకపోతే లెవెల్ ఆఫ్ డీటెయిల్ తగ్గించండి. నీడల్ని చివరికి ముట్టుకోండి, అవి పోతే ఊరు అట్టముక్కల్లా కనబడుతుంది.

ఇవన్నీ గ్రాఫిక్స్ కార్డుకే పనికొస్తాయి. జనాభా లక్ష దాటాక వచ్చే నెమ్మది వేరు. ఫ్రేమ్‌లు బాగానే ఉంటాయి, కాలమే కదలదు. ఆటలో కాలం నడిచే వేగం మొదటి మెట్టు, మూడో మెట్టు మధ్య తేడా కంటికి తెలియకపోతే ప్రాసెసర్ చేతులెత్తేసినట్టే. సెట్టింగ్‌లు తగ్గించి లాభం లేదు. ఎస్పీ రోడ్డులో ఈ ఆట కోసమని కంప్యూటర్ కట్టించుకునేవాళ్లు డబ్బంతా కార్డులో పోయొద్దు. ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్, కనీసం 16, వీలైతే 32 జీబీ ర్యామ్ తీసుకుని, మిగిలిన దాంట్లో 8 జీబీకి తక్కువ కాని కార్డు చూసుకోండి. యూపీఎస్ లేకపోతే ఆటోసేవ్ పెట్టుకోండి, ఏప్రిల్‌లో కరెంటు సంగతి తెలిసిందే.

అభిమానుల్ని నిజంగా దూరం చేసింది మోడ్‌ల విషయం. మొదటి భాగం పదేళ్లు బతికిందంటే ఆటగాళ్లు మోడ్‌లు పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్ వల్లే. లక్షల్లో వస్తువులు, రోడ్లు, ఇళ్లు. మన ఆటో కావాలన్నా ఎవరో ఒకరు తయారుచేసి పెట్టగల వీలుండేది. రెండో భాగంలో వర్క్‌షాప్ లేదు, ఆటను ప్రచురించే పారడాక్స్ కంపెనీది పారడాక్స్ మోడ్స్ అనే సొంత వేదిక ఉంది. అదీ విడుదలైన ఐదు నెలలకు, 2024 మార్చిలో బీటాగా తెరుచుకుంది. సొంత బొమ్మలు దిగుమతి చేసే ఎడిటర్ కోసం అంతకు రెండింతలు మించి ఎదురుచూడాల్సి వచ్చింది. సైకిళ్లు కూడా మొదటిరోజు లేవు, మొదటి భాగంలో 2015లోనే వచ్చాయి మరి. ఫ్రాన్స్, జపాన్, చైనా తదితర దేశాల పేరుతో ఉచిత భవనాల ప్యాక్‌లు వచ్చాయి. వాటిలో ఇండియా లేదు.

మోడ్‌ల తలుపు తెరిచిన ఆ మార్చి నెలలోనే బీచ్ ప్రాపర్టీస్ అనే ప్యాక్‌ను 9.99 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. తాటి జాతి చెట్లున్నాయి, నీటి ఒడ్డున వేసే ఇళ్ల జోన్ ఉంది, బీచ్ మాత్రం లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పి, దాన్ని ఉచితం చేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగివ్వడం మొదలుపెట్టారు. 2025 నవంబర్‌లో ఇంకో ప్రకటన వచ్చింది. ఈ రెండు ఆటలూ చేసిన కొలోసల్ ఆర్డర్ తప్పుకుంటుంది, 2026 నుంచి పారడాక్స్ సొంత స్టూడియో ఐస్‌ఫ్లేక్ చూసుకుంటుంది. రెండూ ఫిన్లాండ్‌లోని తాంపెరెవే కావడం ఒక ఊరట.

ఇప్పుడు ఆడేవాళ్లు కనీసం రెండు మోడ్‌లు పెట్టుకోవాలి. ట్రాఫిక్ అనే మోడ్‌తో ఏ లేన్ నుంచి ఏ లేన్‌కి వెళ్లాలో గీసి చూపించొచ్చు. చివరి క్షణంలో మూడు లేన్లు అడ్డంగా కోసి తిరిగే కార్ల పిచ్చి దీంతోనే కుదురుతుంది. కట్టినదాన్ని జరపడానికి మూవ్ ఇట్. సిల్క్‌బోర్డు దగ్గర 2024లో తెరిచిన డబుల్ డెక్కర్ లాగా కింద ఫ్లైఓవర్, పైన మెట్రో కావాలంటే అనార్కీ కూడా పనికొస్తుంది, ఒకదానికొకటి తగులుతున్నాయని ఆట అడ్డుపడకుండా చూసే మోడ్ అది. ఊరికో ప్లేసెట్ (ఆ ఊరికి వాడే మోడ్‌ల జాబితా) ఉంచుకోండి. పెద్ద ప్యాచ్ వచ్చిన రోజు పాత సేవ్ తెరవొద్దు. మోడ్‌లు కొత్త వెర్షన్‌కి మారేదాకా ఆగి, సేవ్ ఫైల్‌కి ఇంకో కాపీ తీసి, అప్పుడు తెరవండి. తొందరపడితే రోడ్లు మాయమవుతాయి.

మొదటి భాగం ఉండి, అందులో లక్షన్నర జనాభా ఊరు నడుస్తుంటే దాన్ని తీసేయకండి. రెండోది కొనేముందు స్టీమ్ రీఫండ్ నియమం గుర్తుంచుకోండి: కొన్న 14 రోజుల్లోపు, ఆడినది 2 గంటల్లోపు. ఈ ఆటకు ఆ రెండు గంటలూ మోసం చేస్తాయి. చిన్న ఊరిలో అంతా సాఫీగా, ముచ్చటగా ఉంటుంది. కాబట్టి కొత్త ఊరు అరగంటే ఆడి, ఎవరైనా పంచిన లక్ష జనాభా సేవ్ ఫైల్ దించుకుని తెరవండి. వేగం మూడో మెట్టు మీద పెట్టి, సాయంత్రం ట్రాఫిక్ ఎక్కువున్న జంక్షన్ మీద కెమెరా ఆపి, ఆ జామ్‌కి కారణం పావుగంటలో మీకు దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే రీఫండ్ బటన్ నొక్కడానికి ఇంకా గంట ఉంటుంది.