పాత కంప్యూటర్‌లో క్రాష్: ఫార్మాటా, ఈవెంట్ వ్యూయరా, మెమ్‌టెస్టా?

తిరుపతి గాంధీ రోడ్డులో మా బావకు డీటీపీ షాపు ఉంది. అక్కడున్నది కోర్ 2 డ్యూయో మెషీన్, విండోస్ 7, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖ చేస్తుంటే పేజ్‌మేకర్ ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలైంది. చూడ్డానికి వచ్చినతను "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు, కొట్టాడు. అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ ఎక్కించుకోవడానికి ఒక రోజంతా పట్టింది. మూడో రోజు మళ్లీ అదే తంతు, అదే టెన్షన్.

ఫార్మాట్ చేస్తే క్రాష్ ఎందుకైందో చెప్పే లాగ్‌లు (విండోస్ రాసుకునే రికార్డులు) కూడా తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్ ఫైళ్లు చెడిపోయాయని తేలాక అయితే అది మంచి మందే. తేలకముందు నేను ఒప్పుకోను.

ఆ లాగ్‌లను చూపించే, విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌కు పది నిమిషాలు చాలు. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ తెరిచి, 1000 నంబరున్న ఎర్రర్ చూస్తే ఏ ప్రోగ్రామ్ పడిపోయింది, ఏ మాడ్యూల్‌లో (ప్రోగ్రామ్ వాడే ఫైల్), ఏ కోడ్‌తో అన్నది కనిపిస్తుంది. కోడ్ చివర సి000001డి అని ఉంటే, ప్రోగ్రామ్ ఇచ్చిన ఆదేశం ప్రాసెసర్‌కు తెలియదని అర్థం. ఉదాహరణకు ఏవీఎక్స్ అనే ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2011లో వచ్చాయి, కోర్ 2 డ్యూయోలో లేవు. అవి తప్పనిసరిగా కావాలనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ మెషీన్ నడపలేదు. పాత వెర్షన్ వేసుకోవాల్సిందే.

సి0000005 అని ఉంటే మాత్రం కాస్త ఆలోచించాలి. ప్రోగ్రామ్ ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందన్నమాట. ప్రతిసారీ అదే మాడ్యూల్, అదే పని దగ్గర పడిపోతుంటే నేను ముందు సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తాను. బావ మెషీన్‌లో ఒకసారి పేజ్‌మేకర్, ఒకసారి బ్రౌజర్, ఒకసారి ప్రింట్ స్పూలర్ (ప్రింట్లను వరుసలో పెట్టి పంపే ప్రోగ్రామ్). మాడ్యూల్ పేరు కూడా మారుతూనే ఉంది. అప్పుడే ర్యామ్ మీద అనుమానం వచ్చింది.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్ నుంచి, విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది. అక్కడ తప్పు దొరికితే విండోస్‌ను నిందించే పనే లేదు. టైమ్ పడుతుంది కాబట్టి రాత్రి షట్టర్ దించేముందు పెట్టాం. పొద్దున చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. ర్యామ్ స్టిక్‌ల కాంటాక్టులు రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూశాం. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులే. అది తీసేశాక మెషీన్ నెమ్మదించింది గానీ మూసుకుపోవడం ఆగింది.

అందుకే నా ఓటు ముందు ఈవెంట్ వ్యూయర్‌కు, ఆ రాత్రికే మెమ్‌టెస్ట్‌కు, చివరికి ఫార్మాట్‌కు. మెమ్‌టెస్ట్ పాసైనంత మాత్రాన హార్డ్‌డిస్క్, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) బాగున్నాయని కాదు. ఇక మే నెల మధ్యాహ్నాల్లోనే పడిపోతుంటే, అన్నిటికంటే ముందు ప్రాసెసర్ ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయుంటే మార్చండి.